ద్రవాలకు దృఢత ఉందా? కంపించే స్ఫటికాలు చెప్పిన జవాబులు

స్థితిస్థాపకత పాఠంలో మీరు యంగ్ గుణకం, ఆయత గుణకం, దృఢతా గుణకం అనే మూడింటిని చదివారు. ఆ పాఠంలోనే ఒక వాక్యం ఉంటుంది: ద్రవాలకు, వాయువులకు ఆయత గుణకం మాత్రమే ఉంటుంది, దృఢతా గుణకం సున్నా. చాలామంది దాని కింద గీత గీసుకొని ఉంటారు. పరీక్షలో ఆ జవాబు రాస్తే మార్కులు వస్తాయి, అనుమానం లేదు. అయితే ఆ 'సున్నా' ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఎంత వేగంగా కొలిచారు అన్న ప్రశ్నల వెనుక నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఒక భాగం ఇప్పటికీ తేలలేదు. ఈ వ్యాసంలో ఆ చరిత్రను చూద్దాం.

ముందుగా విరూపణ అంటే ఏమిటో గుర్తు చేసుకోండి. మందమైన పుస్తకాన్ని బల్లమీద పెట్టి, పై అట్టను అరచేత్తో పక్కకు నెట్టితే పుటలు ఒకదానిమీద ఒకటి జారి పుస్తకం వాలుతుంది. ఘనపరిమాణం మారదు, ఆకారం మారుతుంది. ఇదే విరూపణ. రబ్బరు దిమ్మను ఇలా నెట్టి వదిలితే వెనక్కి వస్తుంది. గ్లాసులోని నీటిని నెట్టితే రాదు. నెట్టినంతసేపూ జరుగుతూ ఉంటుంది, వదిలిన చోటే ఆగుతుంది. ఘనానికి, ద్రవానికి మనం చెప్పుకొనే తేడా ఇదే.

ఇప్పుడు వంటింట్లోకి రండి. బెండకాయ కోసినప్పుడు కత్తికి అంటిన జిగురు తీగలా సాగుతుంది, తెగగానే ఆ తీగ వెనక్కి ముడుచుకుంటుంది. గుడ్డు తెల్లసొన కూడా అంతే. ఇవి గిన్నెలో పోస్తే గిన్నె ఆకారం తీసుకొనేవే, అంటే ద్రవాలే. కాని లాగి వదిలితే కాస్త వెనక్కి వస్తున్నాయి. ద్రవానికి దృఢత సున్నా అన్న వాక్యానికి ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది.

మాక్స్‌వెల్ లెక్క

ఈ చిక్కును లెక్కలోకి తెచ్చినవాడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. 1867లో వాయువుల గతిసిద్ధాంతంపై రాసిన పత్రంలో ఆయన ఒక ఆలోచన ప్రవేశపెట్టాడు. ప్రతి ద్రవమూ మొదటి క్షణంలో ఘనంలాగే ప్రతిఘటిస్తుంది. తరువాత అణువులు సర్దుకొని ఆ ప్రతిబలాన్ని కరిగించేస్తాయి. ఆ కరగడానికి పట్టే కాలాన్ని సడలింపు కాలం అంటాం. స్నిగ్ధతా గుణకాన్ని తక్షణ దృఢతా గుణకంతో భాగిస్తే అది వస్తుంది.

నీటికి ఈ లెక్క మీరే చేయండి. నీటి స్నిగ్ధత దాదాపు 10⁻³ పాస్కల్-సెకను. తక్షణ దృఢతను 10⁹ పాస్కల్‌ల స్థాయిలో తీసుకొందాం. భాగిస్తే 10⁻¹² సెకను. అంటే నీరు ఘనంలా ప్రవర్తించేది సెకనులో లక్ష కోట్లవ వంతు మాత్రమే. మన చేయి, చెంచా, పడవ తెడ్డు ఏవీ అంత వేగంగా కదలవు. కాబట్టి మనకు నీరు ఎప్పుడూ నీరే. బెండకాయ జిగురులో పొడవైన గొలుసుల్లాంటి అణువులు ఉంటాయి. అవి సర్దుకోవడానికి కంటికి కనిపించేంత సమయం పడుతుంది. అందుకే దాని స్థితిస్థాపకత మనకు తెలుస్తుంది.

దీన్నిబట్టి 'ద్రవానికి దృఢత ఉందా?' అన్న ప్రశ్న అలాగే అడిగితే అసంపూర్ణం. 'ఎంత వేగంగా అడిగినప్పుడు?' అన్నది కూడా చేర్చాలి.

మాక్స్‌వెల్ ఊరికే సిద్ధాంతంతో ఆగలేదు. కెనడా బాల్సం అనే చిక్కటి జిగురు ద్రవం కదులుతున్నప్పుడు అందులోంచి పోయే ధ్రువిత కాంతిలో ద్వివక్రీభవనం కనిపిస్తుందని 1873లో ప్రకటించాడు. ఒత్తిడికి గురైన గాజులో కనిపించే లక్షణం అది. 1889లో ఒడెస్సాలో ష్వెదోవ్ అనే భౌతికశాస్త్రవేత్త పలుచని జెలటిన్ ద్రావణంలో తీగకు వేలాడదీసిన స్తూపాన్ని తిప్పి, ఆ ద్రావణానికి కొలవదగిన దృఢత ఉందని చూపాడు. కాని ఇవి జిగురు ద్రవాలు. మామూలు ద్రవాలను మాక్స్‌వెల్ చెప్పిన వేగంతో అడగాలంటే యంత్రభాగాలు సరిపోవు. ఒక దారి కాంతి. 1939లో బెంగళూరు నుంచి సి.వి. రామన్, సి.ఎస్. వెంకటేశ్వరన్ 'నేచర్' పత్రికలో ద్రవాల దృఢతపై ఒక చిన్న లేఖ ప్రచురించారు. గ్లిజరిన్‌లో పరిక్షేపణం చెందిన కాంతి ఆధారంగా, వెయ్యి కోట్ల హెర్ట్జ్‌ల స్థాయి ఉష్ణీయ కంపనాలకు ఆ ద్రవం ఘనంలా స్పందిస్తోందని వాదించారు. ఇది పౌనఃపున్యాల మెట్లలో పైమెట్టు. మన చేతి కదలిక అడుగుమెట్టు. మధ్య మెట్లన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీని నింపినవి స్ఫటికాలు.

బెల్ ప్రయోగశాలలో మెలితిరిగే స్ఫటికం

పీడన విద్యుత్ ప్రభావం కథ మీకు తెలిసిందే. 1880లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని కనుక్కొన్నారు. మరుసటి ఏడాది లిప్‌మన్ దీనికి విలోమం కూడా ఉండాలని సూచించగా, క్యూరీ సోదరులే దాన్ని నిరూపించారు. మొదటి ప్రపంచయుద్ధంలో లాంజెవిన్ జలాంతర్గాముల జాడ తీయడానికి క్వార్ట్జ్‌ను వాడాడు. 1920ల ఆరంభంలో అమెరికాలో వాల్టర్ కేడీ క్వార్ట్జ్ పలక అనునాదాన్ని రేడియో పౌనఃపున్యాలకు ప్రమాణంగా నిలిపాడు. క్వార్ట్జ్ గడియారాలు ఆ దారిలోనే వచ్చాయి.

ఇక్కడ మనకు ముఖ్యమైనది ఒక గుణం. మంచి క్వార్ట్జ్ స్ఫటికం తన సొంత పౌనఃపున్యానికి మొండిగా కట్టుబడి ఉంటుంది. దాని ఉపరితలాన్ని ఏదైనా తాకితే ఆ పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది, డోలనాలు కొద్దిగా త్వరగా చచ్చుబడతాయి. ఈ రెండు మార్పులనూ విద్యుత్ పద్ధతిలో చాలా ఖచ్చితంగా కొలవవచ్చు. అంటే స్ఫటికమే ద్రవాన్ని కదిలిస్తుంది, ద్రవం ఇచ్చిన జవాబును కూడా స్ఫటికమే చెబుతుంది.

అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో వారెన్ మేసన్ దీన్ని ద్రవాలకు వర్తింపజేసి 1947లో ప్రకటించాడు. ఆయన ఎన్నుకొన్నది మెలితిరిగే స్ఫటికం. ఎందుకో గమనించండి. మామూలుగా సాగి ముడుచుకొనే స్ఫటికం చివరలు ద్రవాన్ని నెట్టుతాయి, దానివల్ల ధ్వని తరంగాలు పుట్టి శక్తిని దూరంగా మోసుకుపోతాయి. అప్పుడు స్నిగ్ధత ఎంతో, ధ్వని ఎంతో విడదీయలేం. కడ్డీ తన అక్షం చుట్టూ మెలితిరిగితే దాని పక్కతలం ద్రవాన్ని నెట్టదు, రాసుకుంటూ పోతుంది. ద్రవంలో విరూపణ తప్ప మరొకటి పుట్టదు.

ఈ విరూపణ ఎంత లోతుకు పోతుంది? స్టోక్స్ 1851లోనే లోలకాలపై రాసిన పత్రంలో దీనికి లెక్క ఇచ్చాడు. స్నిగ్ధ ద్రవంలో తిర్యక్ కదలిక ఉపరితలం నుంచి దూరం పోయేకొద్దీ వేగంగా క్షీణిస్తుంది. నీటిలో 75 కిలోహెర్ట్జ్ వద్ద ఆ లోతు సుమారు 2 మైక్రోమీటర్లు, 5 మెగాహెర్ట్జ్ వద్ద మైక్రోమీటరులో నాలుగో వంతు. స్ఫటికం చెరువులో మునిగినా అది పలకరించేది తన చర్మాన్ని ఆనుకొన్న ఈ పలుచని పొరనే. ఆ పొరకు స్నిగ్ధత ఒక్కటే ఉంటే, స్ఫటికం పౌనఃపున్యంలో తగ్గుదల, డోలనాల అవరోధంలో పెరుగుదల ఒకదానికొకటి నిర్దిష్ట నిష్పత్తిలో ఉండాలి. ఆ నిష్పత్తి తప్పితే అక్కడ స్థితిస్థాపకత ఉన్నట్టు.

మేసన్, ఆయన సహచరులు బేకర్, మెక్‌స్కిమిన్, హైస్ 1949లో ప్రకటించిన ఫలితాల్లో, పాలీఐసోబ్యుటిలీన్ వంటి పొడవాటి అణువుల ద్రవాలకు ఆ నిష్పత్తి తప్పింది. పౌనఃపున్యం పెంచేకొద్దీ అవి ద్రవంలా కాక మెత్తని ఘనంలా స్పందించాయి. మన బెండకాయ జిగురు కథే, కాకపోతే అంకెలతో. 1953లో రౌస్ పొడవాటి అణువును స్ప్రింగులతో కలిపిన పూసల దండగా ఊహించి రాసిన సిద్ధాంతానికి ఇలాంటి కొలతలే పరీక్షాస్థలం అయ్యాయి. మాక్స్‌వెల్ గెలిచాడు. చిన్న అణువుల మామూలు ద్రవాలు ఈ పౌనఃపున్యాల వద్ద మామూలుగానే, స్నిగ్ధంగానే ఉండాలని అందరూ అనుకొన్నారు. కథ ఇక్కడ ముగిసి ఉంటే మీకు ఇంత పెద్ద పాఠం అక్కరలేదు.

ఉలాన్-ఉదే నుంచి వచ్చిన అంకెలు

బైకాల్ సరస్సుకు తూర్పున, సైబీరియాలోని బుర్యాత్ ప్రాంతపు రాజధాని ఉలాన్-ఉదే. 1960ల మధ్యలో అక్కడి బజారోన్, మాస్కోలోని బోరిస్ దెర్యాగిన్‌తో కలిసి ఒక వేరే అమరిక తయారు చేశాడు. తరువాతి కాలంలో బద్మాయెవ్ మొదలైనవారు దాన్ని కొనసాగించారు. దెర్యాగిన్ అప్పటికే ఉపరితల బలాల అధ్యయనంలో ప్రపంచప్రసిద్ధుడు. ఘనపదార్థాన్ని ఆనుకొని ఉన్న ద్రవపు పొర లోపలి ద్రవంలాగే ఉంటుందా అన్నది ఆయనను చిరకాలం వెంటాడిన ప్రశ్న.

అమరిక చూడటానికి సులువు. పొడవునా సాగి ముడుచుకొనే క్వార్ట్జ్ కడ్డీని పడుకోబెట్టారు. దాని పైతలం ఒక చివర ఒక చుక్క ద్రవం వేసి, దానిమీద చిన్న క్వార్ట్జ్ పలకను ఉంచారు. కడ్డీ చివర తన తలానికి సమాంతరంగా ముందుకూ వెనక్కూ కదులుతుంది. పైపలక ద్రవపు పొర ద్వారానే దానికి అంటుకొని ఉంది. సెకనుకు డెబ్బై వేలకు పైగా ఊగే ఆ కదలికకు బరువున్న పైపలక లొంగదు, దాదాపు నిశ్చలంగా ఉంటుంది. మధ్యలో ఉన్న కొన్ని మైక్రోమీటర్లు, అంతకంటే తక్కువ మందంగల ద్రవం మాత్రమే విరూపణ పొందుతుంది.

ఇక్కడ ఒక అందమైన తర్కం ఉంది. స్ఫటికాన్ని లోతైన ద్రవంలో ముంచితే దాని పౌనఃపున్యం తగ్గుతుంది, ఎందుకంటే కొంత ద్రవాన్ని మోసుకు తిరగాలి. కాని నిశ్చలమైన పైపలకకూ స్ఫటికానికీ మధ్య ఉన్న పలుచని పొరకు స్థితిస్థాపకత ఉంటే, అది స్ప్రింగులా స్ఫటికాన్ని వెనక్కి లాగుతుంది. అప్పుడు పౌనఃపున్యం పెరగాలి. పెరుగుదల కనిపిస్తే స్ప్రింగు ఉన్నట్టు. పొర పలుచనయ్యేకొద్దీ స్ప్రింగు బిగువు పెరుగుతుంది కనుక, పౌనఃపున్యపు పెరుగుదల మందానికి విలోమానుపాతంలో ఉండాలి.

దృఢతా గుణకం రాబట్టే సూత్రం మాటల్లో ఇది: నాలుగును పై వర్గంతో గుణించి, దాన్ని స్ఫటికం ద్రవ్యరాశితో, దాని పౌనఃపున్యంతో, పొర మందంతో, పౌనఃపున్యపు పెరుగుదలతో వరుసగా గుణించాలి. వచ్చినదాన్ని పైపలక వైశాల్యంతో భాగించాలి. ఒక ఊహా ఉదాహరణ తీసుకొందాం. ద్రవ్యరాశి 6 గ్రాములు, పౌనఃపున్యం 75 కిలోహెర్ట్జ్, మందం 2 మైక్రోమీటర్లు, వైశాల్యం 0.2 చదరపు సెంటీమీటర్లు, పెరుగుదల 50 హెర్ట్జ్. అన్నిటినీ మీటర్లు, కిలోగ్రాములలోకి మార్చి లెక్కిస్తే దృఢతా గుణకం సుమారు 89,000 పాస్కల్‌లు వస్తుంది. కాగితం మీద ఒకసారి చేసి చూసి ముందుకు రండి, ఈ అంకెతో మనకు ఇంకా పని ఉంది.

బజారోన్ బృందం పెరుగుదల కనిపించిందని ప్రకటించింది. అదీ జిగురు ద్రవాలకు మాత్రమే కాదు. నీరు, ఆల్కహాల్‌లు, నూనెలు వంటి మామూలు ద్రవాలకు కూడా. గుణకాలు పది వేల పాస్కల్‌ల నుంచి లక్షల్లోకి ఉన్నాయి. ఉక్కు దృఢత ముందు ఇది దూదిపింజే. కాని మాక్స్‌వెల్ లెక్క ముందు పెట్టి చూడండి. సడలింపు కాలం 10⁻¹² సెకను అయితే, 75 కిలోహెర్ట్జ్ వద్ద నీటి స్థితిస్థాపక భాగం 10⁹ పాస్కల్‌లను 'కోణీయ పౌనఃపున్యం × సడలింపు కాలం' వర్గంతో గుణించినంత. అది 2 × 10⁻⁴ పాస్కల్‌ల దగ్గర తేలుతుంది. పైన చెప్పిన ఉదాహరణలో అంత గుణకానికి పౌనఃపున్యం మారేది హెర్ట్జ్‌లో కోటో వంతు. ఏ పరికరమూ పట్టలేదు. సిద్ధాంతం ఊహించినదానికీ, వారు ప్రకటించినదానికీ మధ్య కోట్ల రెట్ల తేడా!

ఇది ఉపరితలాన్ని ఆనుకొన్న ప్రత్యేక పొర మహిమ కావచ్చు కదా అని మీకు తోచి ఉంటుంది. వారికీ తోచింది. అందుకే మందాన్ని మార్చి మార్చి, కాంతి వ్యతికరణంతో దాన్ని కొలిచి చూశారు. పెరుగుదలను మందం విలోమానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వచ్చింది. అంటే గుణకం మందంమీద ఆధారపడటం లేదు. అది పొర గుణం కాదు, ద్రవం మొత్తపు గుణం అన్నది వారి నిర్ధారణ. మరో సంగతి కూడా చెప్పారు. ఈ దృఢత చాలా చిన్న డోలన పరిమితుల వద్దే కనిపిస్తుంది, ఊపు పెంచితే తగ్గిపోతుంది. ద్రవంలో అణువులు గుంపులుగా అల్లుకొన్న ఏదో నిర్మాణం ఉందని, అది ఒక్కొక్క అణువులా క్షణంలో కాక నెమ్మదిగా సర్దుకుంటుందని, గట్టిగా ఊపితే చెదిరిపోతుందని వారి వివరణ.

నమ్మకం, అపనమ్మకం

ఈ ఫలితాలను శాస్త్రలోకం పెద్దగా పట్టించుకోలేదు. దానికి ఒక కారణం ఈ ప్రయోగానికి బయట ఉంది. అదే దశకంలో దెర్యాగిన్ 'పాలీవాటర్' అనే మరో సంచలనానికి కూడా ముఖ్యుడు. సన్నని క్వార్ట్జ్ గొట్టాలలో సాంద్రీకరించిన నీరు కొత్త రకం నీరని చెప్పిన వాదం అది. ప్రపంచమంతా కొన్నేళ్లు దాని వెంట పరుగెత్తింది. అది మలినాల ప్రభావమేనని 1973లో దెర్యాగినే ఒప్పుకొన్నాడు. తప్పు ఒప్పుకోవడం ఆయన నిజాయితీకి గుర్తు అని నా అభిప్రాయం. కాని ఆ తరువాత అదే పేరుతో వచ్చిన మరో వింత నీటి కొలతను ఎంతమంది తెరిచిన మనసుతో చదువుతారు? ఒక ప్రయోగం బాగోగులను మరో ప్రయోగపు అపకీర్తితో తూచడం న్యాయం కాదు. అసలు అభ్యంతరాలు ప్రయోగంలోనే వెతకాలి.

రెండు అనుమానాలను మీరే లెక్కించి చూడవచ్చు. మొదటిది తలతన్యత. పైపలక అంచు చుట్టూ ఉన్న ద్రవపు అంచు స్ప్రింగులా పనిచేయవచ్చు. దాని ప్రభావాన్ని స్థూలంగా తలతన్యతను పలక చుట్టుకొలతతో గుణించి వైశాల్యంతో భాగించి అంచనా వేయండి. 0.2 చదరపు సెంటీమీటర్ల చతురస్రపు పలకకు, నీటికి అది 60 పాస్కల్‌ల పైచిలుకు. 89,000 ముందు అది లెక్కలోకి రాదు. రెండవది ధూళి. ఇది నవ్వులాట కాదు. 2 మైక్రోమీటర్ల ఇసుక రేణువు ఒకటి స్ఫటికానికీ పైపలకకూ మధ్య బిగుసుకుంటే, రేణువు దృఢత 10¹⁰ పాస్కల్‌లు అనుకొన్నా, అది మీటరుకు 20,000 న్యూటన్‌ల స్ప్రింగు. మన ఉదాహరణలో ద్రవం మొత్తానికి ఆపాదించిన స్ప్రింగు మీటరుకు సుమారు 8,90,000 న్యూటన్‌లు. బాగా బిగిసిన 45 రేణువులు చాలు! అవి ఆక్రమించే చోటు పలక వైశాల్యంలో లక్షో వంతు. ఈ లెక్క చేశాక, ఇలాంటి ప్రయోగంలో తలాలను శుభ్రం చేయడానికే ఎంత శ్రమ పడాలో అర్థమవుతుంది. అయితే రేణువులే కారణమైతే అన్ని మందాల వద్దా విలోమానుపాత సరళరేఖ రావడం కష్టం, ఒక్కో ద్రవానికి ఒక్కో స్థిరమైన విలువ రావడం ఇంకా కష్టం. ఈ వాదంలో బలం ఉంది.

మరో దిక్కు నుంచి సాక్ష్యం వేరుగా వచ్చింది. 1959లో జర్మనీలో సావర్‌బ్రే, క్వార్ట్జ్ పలకమీద పడ్డ పలుచని పూత బరువును పౌనఃపున్యపు తగ్గుదలతో కొలవవచ్చని చూపాడు. 1985లో కనజావా, గోర్డన్ అదే పలకను ద్రవంలో ఉంచితే ఎంత తగ్గాలో సూత్రం ఇచ్చారు. 5 మెగాహెర్ట్జ్ పలక ఒక వైపు నీరు పోస్తే పౌనఃపున్యం సుమారు 700 హెర్ట్జ్ తగ్గుతుంది. ఇందులో నీటికి స్నిగ్ధత, సాంద్రత తప్ప మరేమీ వాడలేదు. ఆ పౌనఃపున్యం వద్ద నీటి స్నిగ్ధతా భాగం సుమారు 31,000 పాస్కల్‌లు. ఉలాన్-ఉదే వారు చెప్పిన స్థాయిలో స్థితిస్థాపక భాగం నిజంగా ఉంటే అది దీనికి దీటుగా నిలవాలి, పౌనఃపున్యపు తగ్గుదలకూ అవరోధానికీ మధ్య సమానత చెదరాలి. ఇలాంటి పరికరాలు నేడు ఎన్నో ప్రయోగశాలల్లో పనిచేస్తున్నాయి. వాటిలో నీరు బుద్ధిగా స్నిగ్ధ ద్రవంలాగే ప్రవర్తిస్తోంది. నా మట్టుకు నాకు ఇది అన్నిటికంటే గట్టి అభ్యంతరం. దీనికి 'డోలన పరిమితులు వేరు, అమరిక వేరు' అన్న జవాబు చెప్పవచ్చు. అమరిక వేరన్నది నిజమే. ఇక్కడ ద్రవం ఒక వైపు తెరిచి ఉంది, అక్కడ రెండు ఘనతలాల మధ్య చిక్కుకొని ఉంది.

ఆ 'చిక్కుకొని ఉండటం' అన్న మాట తరువాతి కాలంలో కీలకమైంది. కొన్ని అణువుల మందం వరకు నొక్కిన ద్రవాలు ఘనంలా గట్టిపడతాయని 1980ల చివరి నుంచి జరిగిన ఉపరితల బలాల ప్రయోగాలు చూపాయి. కాని అది నానోమీటర్ల కథ. 2000ల తరువాత ఫ్రాన్స్‌లో లారెన్స్ నోయిరే, ఆమె సహచరులు మిల్లీమీటరులో పదో వంతు స్థాయి మందాల వద్ద, అదీ స్ఫటికాలతో కాక నెమ్మదైన తక్కువ పౌనఃపున్యాల వద్ద, ద్రవాలలో స్థితిస్థాపకత కనిపించిందని ప్రకటించారు. 2012లో నీటికి కూడా అదే మాట చెప్పారు. ద్రవం తలానికి పూర్తిగా అంటుకొంటేనే, కదలిక అతి చిన్నదైతేనే అది కనిపిస్తుందన్నారు. బజారోన్ చెప్పిన డోలన పరిమితి షరతు ఇక్కడ మళ్లీ వినిపిస్తుంది.

2020లో జక్కోనే, ట్రాచెంకో దీనికి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. రెండు తలాల మధ్య బంధించిన ద్రవంలో కొన్ని దీర్ఘ తరంగాలకు చోటు ఉండదు, దానివల్ల దృఢత మిగులుతుంది, అది మందం ఘనానికి విలోమానుపాతంలో ఉంటుందన్నది దాని సారాంశం. ఇప్పుడు ఉలాన్-ఉదే సరళరేఖను మళ్లీ గుర్తుకు తెచ్చుకోండి. ఈ సిద్ధాంతం ప్రకారం మందం 2 నుంచి 4 మైక్రోమీటర్లకు పెరిగితే గుణకం ఎనిమిదో వంతుకు పడిపోవాలి. బజారోన్ కొలతల ప్రకారం అది మారకూడదు. రెండూ ఒకే సంగతి గురించి చెబుతున్నవైతే రెండూ ఒప్పు కాలేవు. ఒక శుభ్రమైన క్వార్ట్జ్ కడ్డీ, ఒక పైపలక, రెండు మందాలు, రెండు పౌనఃపున్యపు విలువలు ఉంటే తేడా బయటపడుతుంది. స్వతంత్రమైన వేరే చేతులతో, ధూళి లేదని ప్రతిసారీ చూపుతూ, ఈ కొలతను విస్తారంగా తిరిగి చేయవలసి ఉంది.